చత్వారం వచ్చిన కళ్లకు ఒక .22 రైఫిల్

తెనాలిలో ఇంటర్ చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాంపులో నాకు ఐదంటే ఐదు తూటాలు ఇచ్చారు. చాప మీద బోర్లా పడుకుని, 25 గజాల దూరంలో ఉన్న టార్గెట్ మీద .22 (తూటా మందం సుమారు అంగుళంలో 22 వందో వంతు) బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో కాల్చాలి. స్కోప్ (దుర్బిణి) లేదు, గురి చూడటానికి వెనకొకటి, ముందొకటి ఉండే ఇనుప సైట్లే. వెనక నిలబడ్డ ఉస్తాద్ "టార్గెట్ కాదమ్మా, టిప్ చూడు, టిప్ చూడు" అంటూనే ఉన్నారు. టిప్ అంటే ముందు సైట్ కొన. ఐదింటిలో నాలుగు అరచేతిలో ఇమిడేంత దగ్గరగా పడ్డాయి. ఆ కాగితం మా అమ్మ చాలా ఏళ్లు ట్రంకు పెట్టెలో దాచింది.

తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లు రైఫిల్ ముట్టుకోలేదు. ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్నాను, వయసు 47, దగ్గరి చూపుకి కళ్లద్దాలు వచ్చాయి. రెండేళ్ల కిందట మళ్లీ నేర్చుకోవాలనిపించింది. స్కోప్ పెట్టి కాల్చడం నాకు అక్కర్లేదు. ఆ ఐదు తూటాల పద్ధతే కావాలి: ఇనుప సైట్లు, ఒక్కో తూటాకీ చేత్తో బోల్ట్ (తూటా ఎక్కించే మీట) తీసి వేయడం. బడ్జెట్ 500 డాలర్లు అనుకున్నాను. ఎంత అయిందో చివర్లో చెబుతాను.

మన వాళ్లు చాలామందికి తెలియని విషయం ఒకటి ముందే చెప్పాలి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కానీ ఫ్రెండు చెప్పాడని నమ్మి అడుగేయకండి, లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. నేను గ్రీన్ కార్డు చేతికొచ్చాకే షాపు గుమ్మం తొక్కాను. అక్కడ తుపాకీ కొనేవాళ్ల ఫెడరల్ ఫారం 4473 నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవుతుంది. మా ఆయన పెట్టిన షరతు ఇంకొకటి ఉంది: ఇంట్లోకి రైఫిల్ కంటే ముందు ఇనుప సేఫ్ రావాలి, తూటాలు వేరే పెట్టెలో తాళం వేసి ఉండాలి. ఇంట్లో పదిహేనేళ్ల కూతురుంది. ఆయన అన్నది న్యాయమే. సేఫ్ ఖర్చు బడ్జెట్‌లో కలపలేదు, అది ఇంటి ఖర్చు.

మొదట వెళ్లిన షాపులో కౌంటర్ దగ్గరి కుర్రాడు వరసగా నాలుగు .22 రైఫిళ్లు బయట పెట్టాడు. మూడింటికి అసలు సైట్లే లేవు. బ్యారెల్ నున్నగా ఉంది, పైన స్కోప్ బిగించుకోవడానికి రైలు ఉంది, అంతే. "ఇప్పుడు ఐరన్ సైట్స్ ఎవరు వాడుతున్నారు మేడమ్, ఈ ప్యాకేజీలో స్కోప్ ఉచితం" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఒలింపిక్స్‌లో రైఫిల్ పోటీలు ఈ రోజుకీ స్కోప్ లేకుండానే జరుగుతున్నాయి. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చింది చిన్న రంధ్రంలోంచి చూసే సైట్‌తోనే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చింది కూడా అలాంటి సైట్‌తోనే, అదీ .22 రైఫిల్‌తో. వాళ్ల రైఫిళ్ల ఖరీదు వేరు, కానీ కంటికి నేర్పించే విద్య ఒకటే.

ఆ షాపు నుంచి ఒక్క పాఠంతో బయటికొచ్చాను. ఈ రోజుల్లో చవక రైఫిల్ తయారుచేసేవాళ్లు స్కోప్‌ని మనసులో పెట్టుకుని తయారుచేస్తున్నారు. అందుకని ఐరన్ సైట్స్‌తో కాల్చాలనుకునేవాళ్లు ముందు బ్యారెల్, పేరు, బోల్ట్ నునుపు చూడకూడదు. ముందు సైట్లు చూడాలి, తర్వాత చెంప ఆనే చోటు చూడాలి. స్కోప్ బ్యారెల్‌కి చాలా పైన ఉంటుంది కాబట్టి దానికోసం చేసిన స్టాక్ (చెంపా భుజం ఆనించే భాగం) పైభాగం ఎత్తుగా ఉంటుంది. అలాంటి దాని మీద చెంప ఆనిస్తే కన్ను ఇనుప సైట్ల కంటే పైన నిలబడుతుంది. ముఖం కర్రకేసి నొక్కితే తప్ప సైట్లు కనపడవు. పది తూటాలకే మెడ పట్టేస్తుంది.

ఈ లెక్కన చూస్తే కొత్త వాటిలో రెండు నచ్చాయి.

రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్ మొదటిది. 22 అంగుళాల బ్యారెల్, పది తూటాల గుండ్రటి మ్యాగజైన్ (తూటాల డబ్బా), ట్రిగ్గర్ బరువు మనమే సరిచేసుకోవచ్చు. ముఖ్యంగా దీని స్టాక్ వెనకభాగం విడిగా ఊడొస్తుంది. ఎత్తుది ఒకటి, ఎత్తు తక్కువది ఒకటి ఇస్తారు. తక్కువది బిగిస్తే చెంప సరిగ్గా సైట్ల వరసకి దిగుతుంది. ఈ ధరలో ఇంత ఆలోచించి చేసినందుకు మెచ్చుకోవాలి. కానీ ముందు సైట్ ఫైబర్ ఆప్టిక్ పూస. ఎండలో పచ్చగా మెరుస్తుంది, డబ్బాలు కాల్చడానికి భలే ఉంటుంది. 50 గజాల్లో కాగితం మీద నల్ల వృత్తానికి పెడితే మాత్రం ఆ మెరుపు అంచులు చెదిరి పూస ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోందో తెలియదు. టార్గెట్ ప్రాక్టీసుకి కావలసింది మెరుపు లేని, అంచు తెగ్గొట్టినట్టున్న నల్లటి పోస్టు. రేంజిలో ఒకావిడ తన రైఫిల్ ఇచ్చి కాల్చనిచ్చింది. పూస అంచు కోసం వెతుక్కోవడంతోనే నాకు ఇరవై తూటాలూ అయిపోయాయి.

రెండోది శావేజ్ మార్క్ 2. అందులో ఫ్యాక్టరీ నుంచే పీప్ సైట్‌తో (చిన్న రంధ్రంలోంచి చూసే సైట్) వచ్చే రకం ఉంది. దాని ట్రిగ్గర్ మధ్యలో సన్నటి రేకు ఉంటుంది, దాన్ని వేలు పూర్తిగా నొక్కితేనే ట్రిగ్గర్ కదులుతుంది. ఈ ధరలో అంత శుభ్రమైన ట్రిగ్గర్ నేను చూడలేదు. నాకు అది దొరికి ఉంటే ఈ రివ్యూ దాని మీదే రాసేదాన్నేమో. మూడు నెలలు చూశాను, మా చుట్టుపక్కల ఎక్కడా స్టాకు లేదు. చూడకుండా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టడం నాకు ఇష్టం లేదు.

"మోసిన్ నాగాంట్ కొనండి, చవక" అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అది 1891 నాటి రష్యన్ సైనిక రైఫిల్. ఒకప్పుడు నిజంగానే వంద డాలర్లకి దొరికేది, ఇప్పుడు ఆ కాలం పోయింది. దాని తూటా ఖరీదు .22 తూటాకి ఎన్నో రెట్లు. పైగా భుజం మీద గట్టిగా తంతుంది. నేర్చుకునేవాళ్లకి ఆ తన్ను మంచిది కాదు. ట్రిగ్గర్ నొక్కే ముందే ఒళ్లు బిగుసుకుపోవడం అలవాటవుతుంది, ఆ అలవాటు వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

చివరికి కొన్నది సెకండ్‌హ్యాండ్ సీజెడ్ 452 ట్రైనర్, 430 డాలర్లకి. చెక్ దేశంలో ఉహెర్‌స్కీ బ్రోద్ అనే ఊళ్లో చేసింది. ఈ 452 తయారీ ఆపేశారు, దీని వంశంలో ఇప్పుడు వస్తున్నది 457. కొత్తది నా బడ్జెట్‌కి అందలేదు. నా ట్రైనర్‌ది సాదా బీచ్ కర్ర. పట్టుకునే చోట గీతల డిజైన్ లేదు, మెరిసే పాలిష్ లేదు. బట్ (స్టాక్ వెనక కొన) దగ్గర పాత యజమాని ఎక్కడో కొట్టించిన సొట్ట ఒకటి ఉంది. కానీ చేతిలోకి తీసుకోగానే ఇది ఐరన్ సైట్ల కోసమే పుట్టిందని తెలిసిపోయింది. స్టాక్ పైభాగం చేప వీపులా వంగి కిందికి దిగుతుంది. కళ్లు మూసుకుని భుజానికి ఆనించి, చెంప పెట్టి, కళ్లు తెరిచాను. ఫోర్‌సైట్ (ముందు సైట్) పోస్టు బ్యాక్‌సైట్ (వెనక సైట్) గాడి మధ్యలోనే ఉంది. షాపులో ఏ రైఫిల్ చూసినా ఈ పరీక్ష చేయండి. డబ్బు ఖర్చు కాదు, అబద్ధం చెప్పదు. షాపువాళ్లని అడిగి, బోల్ట్ తెరిచి ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కళ్లతోనూ వేలితోనూ చూసుకుని, మనుషులు లేని గోడ వైపు మాత్రమే పట్టుకోవాలి.

బ్యారెల్ 24.8 అంగుళాలు. ఎన్‌సీసీలో పట్టుకున్న రైఫిల్ లాగే ముందు కాస్త బరువుగా తూగుతుంది. ఆ తూగు నిలబడి కాల్చేటప్పుడు మనకే మేలు. ఫోర్‌సైట్‌కి గుండ్రటి ఇనుప గొడుగు ఉంది, ఎండ పోస్టు మీద పక్కనుంచి పడి మోసం చేయకుండా కాపాడుతుంది. బ్యాక్‌సైట్ ముందుకీ వెనక్కీ జరిపే జారుడు రకం, 200 మీటర్ల వరకు అంకెలున్నాయి. సేఫ్టీ (తూటా పేలకుండా ఆపే మీట) విషయంలో మాత్రం జాగ్రత్త. చాలా రైఫిళ్లలో మీట ముందుకి తోస్తే ఫైర్. ఈ 452లో తలకిందులు, వెనక్కి లాగితే ఫైర్. 457లో దాన్ని మార్చారు. ఇంట్లో రెండు రకాలూ ఉంటే ఇది ప్రమాదమే. నాకు ఒక్కటే ఉంది కాబట్టి అలవాటు చేసుకున్నాను, కానీ మా అమ్మాయి చేతికి ఇచ్చేటప్పుడు ప్రతిసారీ పైకి చెప్పి ఇస్తాను.

మొదటి నెల ఉన్న సైట్లతోనే కాల్చాను. 50 గజాల్లో, బోర్లా పడుకుని, చేతికి స్లింగ్ (రైఫిల్ పట్టీ) చుట్టుకుని పది తూటాలు కాలిస్తే రెండున్నర అంగుళాల గుంపు, అంటే కన్నాలన్నీ అంత వెడల్పులో పడ్డాయి. రైఫిల్ తప్పు కాదని తెలుస్తూనే ఉంది. తప్పు కంట్లో ఉంది. గాడి, పోస్టు, టార్గెట్, మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. పదిహేడేళ్లప్పుడు కన్ను ఒకదాని నుంచి ఇంకోదానికి చటుక్కున దూకేది. చత్వారం వచ్చాక దూకదు. గాడి ఒక మసక బూడిద మచ్చ అయిపోయింది. దాని మధ్య ఎక్కడుందో ప్రతిసారీ ఊహించుకోవాలి.

దీనికి మందు పీప్ సైట్. గాడి బదులు చిన్న రంధ్రం ఉంటుంది, కంటికి బాగా దగ్గరగా. రంధ్రాన్ని చూడక్కర్లేదు, రంధ్రంలోంచి చూడాలి. కన్ను దానంతటదే వెలుతురు ఎక్కువున్న మధ్య భాగానికి పోతుంది. చిన్న రంధ్రంలోంచి చూసినప్పుడు దగ్గరా దూరమూ రెండూ కొంచెం తేటపడతాయి. సూదిబెజ్జం లాంటి కన్నంలోంచి క్యాలెండర్ అంకెలు చూసినవాళ్లకి ఇది తెలుసు. పైగా ఇంకో లాభం ఉంది. నా రైఫిల్‌లో పాత బ్యాక్‌సైట్ బ్యారెల్ మీద ఉంది. అక్కడి నుంచి ఫోర్‌సైట్‌కి టేపు పెడితే 20 అంగుళాలు. పీప్ సైట్ వెనక రిసీవర్ (బోల్ట్ ఉండే ఇనుప భాగం) మీద కూర్చుంటుంది కాబట్టి ఆ దూరం 30 అంగుళాలు అవుతుంది. 50 గజాలంటే 1800 అంగుళాలు. అంటే సైట్ల దగ్గర ఒక కాగితం మందం, 0.1 మిల్లీమీటరు తప్పు చేస్తే, పాత సైట్‌తో టార్గెట్ మీద అది 90 రెట్లు, 9 మిల్లీమీటర్లు. పీప్‌తో 60 రెట్లు, 6 మిల్లీమీటర్లు. చెయ్యి అదే, వణుకు అదే, తప్పు మూడోవంతు తగ్గిపోతుంది.

ఇక్కడే నేను రెండు దెబ్బలు తిన్నాను. మీరు తినకూడదని వివరంగా రాస్తున్నాను.

ఆన్‌లైన్‌లో ".22 రైఫిళ్లన్నిటికీ సరిపోతుంది" అని రాసున్న పీప్ సైట్ ఒకటి తెప్పించాను. బిగించబోతే పళ్లు పట్టలేదు. అమెరికన్ .22 రైఫిళ్ల మీద సైట్ బిగించడానికి ఉండే గాడి అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. సీజెడ్ మీద ఉండేది 11 మిల్లీమీటర్లు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. వెనక్కి పంపిస్తే అమ్మినవాళ్లు రిటర్న్ ఖర్చు కోసుకుని మిగతాది ఇచ్చారు. తప్పు వాళ్ల పేజీలో ఉంది, కోత నా డబ్బులో పడింది. 11 మిల్లీమీటర్లు అని అంకెతో సహా రాసి ఉంటే తప్ప కొనకండి.

రెండోసారి సరైనది వచ్చింది, 90 డాలర్లు. బిగించి, రేంజికి వెళ్లి, 50 గజాల్లో నడిబొడ్డుకి గురిపెట్టి ఐదు కాల్చాను. కాగితం మీద ఒక్క కన్నం లేదు. ఆరంజి రంగు అట్ట మీద, కాగితానికి పైన, ఐదూ ఒకేచోట ఉన్నాయి, సరిగ్గా ఆరు అంగుళాలు పైకి. పీప్‌ని స్క్రూ ఆగిపోయేదాకా కిందికి దించేశాను. అయినా అంతే. కొంచెంసేపు చాలా దిగులేసింది. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే విషయం తేలిపోయింది. కొత్త సైట్ రిసీవర్ మీద ఎత్తుగా కూర్చుంది, వెనక సైట్ పైకెళ్తే తూటా కూడా పైకెళ్తుంది. ఆరు అంగుళాలని 60తో భాగిస్తే 0.1 అంగుళం, అంటే రెండున్నర మిల్లీమీటర్లు. ఫోర్‌సైట్ అంత ఎత్తు పెరిగితే చాలు. సీజెడ్‌కి రకరకాల ఎత్తుల ఫోర్‌సైట్ బ్లేడ్లు దొరుకుతాయి, 25 డాలర్లు పెట్టి ఎత్తయినది తెప్పించాను. పాతది తీసి కొత్తది తోశాక మొదటి ఐదూ నల్లటి వృత్తంలోనే పడ్డాయి. ఆ రోజు నిజంగా మా ఉస్తాద్ గుర్తొచ్చారు.

కళ్లద్దాల గురించి ఒక మాట. చదివే అద్దాలు పెట్టుకుంటే టార్గెట్ మాయమవుతుంది. దూరం అద్దాలు పెట్టుకుంటే ఫోర్‌సైట్ మసక. మా కళ్ల డాక్టరమ్మని అడిగి, కొలుచుకున్న టేపు చూపించాను. దూరపు నంబరుకి +0.50 కలిపి ఒక జత చేయించారు. వాటితో పోస్టు అంచు బ్లేడుతో కోసినట్టు కనిపిస్తోంది, టార్గెట్ మాత్రం మెత్తగా మసగ్గా ఉంటుంది. అలాగే ఉండాలి. టిప్ చూడు, టార్గెట్ కాదు.

తూటాలు సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ, గుండు బరువు 40 గ్రెయిన్లు, వేగం సెకనుకి 1070 అడుగులు. శబ్దం వేగం కంటే తక్కువ. దారిలో ఆ వేగం హద్దు దాటి కిందికి దిగే కుదుపు ఉండదు కాబట్టి గుంపు చెదరదు. బక్కెట్లలో అమ్మే చవక తూటాలతో గుంపు దాదాపు రెట్టింపైంది. ప్రతి .22కీ ఒక రుచి ఉంటుంది, నాలుగు రకాలు తలో డబ్బా కొని చూసుకోండి. ఇంట్లో ఖాళీ ప్రాక్టీసుకి మాత్రం ఖాళీ ఛాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కొద్దు. రిమ్‌ఫైర్‌లో (సూది తూటా అంచుకి కొడితే పేలే రకం, .22 అలాంటిదే) సూది ఛాంబర్ అంచుకి కొట్టి గాటు పడే ప్రమాదం ఉంది. హార్డ్‌వేర్ షాపులో గోడకి స్క్రూలు బిగించడానికి అమ్మే పసుపు ప్లాస్టిక్ యాంకర్, నాలుగో నంబరుది, తూటా బదులు సరిగ్గా కూర్చుంటుంది. అయినా ప్రాక్టీసు చేసే గదిలో నిజమైన తూటా ఒక్కటి కూడా ఉండకూడదు, ఇది మా ఇంట్లో రాసి అంటించిన నియమం.

గత చలికాలంలో రైఫిల్ కాల్చడం నేర్పే ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ వాళ్ల రెండు రోజుల శిక్షణకి నేనూ మా అమ్మాయీ వెళ్లాం. 25 గజాల్లోనే నేర్పిస్తారు, టార్గెట్లు దూరాన్ని బట్టి చిన్నవి చేసి పెడతారు. స్లింగ్ చేతికి చుట్టుకోవడం, ఒంటిని టార్గెట్ వైపు సహజంగా తిప్పుకోవడం ఎంత ఓపికగా నేర్పించారో చెప్పలేను. వాళ్ల పరీక్షలో కూర్చుని కాల్చే పది తూటాలని 55 సెకన్లలో, మధ్యలో మ్యాగజైన్ మార్చి కాల్చాలి. మొదటి మ్యాగజైన్‌లో రెండు, రెండో దాంట్లో ఎనిమిది. నా రైఫిల్‌తో వచ్చినది ఐదు తూటాలది. పది తూటాల మ్యాగజైన్లు రెండు 70 డాలర్లకి అప్పటికే కొనిపెట్టుకోవడం మంచిదైంది. బోల్ట్ రైఫిల్‌తో ఆ టైం అందుతుందా అని టెన్షన్ పడ్డాను, అందింది. బోల్ట్ తీసేటప్పుడు చెంప కర్ర మీంచి లేపకూడదు, అదే కిటుకు. 250కి 203 వచ్చాయి. రైఫిల్‌మన్ అనిపించుకోవడానికి 210 కావాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. రైఫిల్ 430, టాక్సుతో 465. పీప్ 90, ఫోర్‌సైట్ 25, మ్యాగజైన్లు 70, స్లింగ్ 25. మొత్తం 675 డాలర్లు, అనుకున్న దానికంటే 175 ఎక్కువ. పీప్‌తో వచ్చే శావేజ్ మీ ఊళ్లో దొరికితే ఇందులో సగం తలనొప్పి ఉండదు, ముందు దాన్నే చూడండి. దొరక్కపోతే, 500కే కట్టుబడి ఉండాలంటే, రూగర్ కొని ముందు సైట్ మార్చుకోండి. పాత 452 కనిపిస్తే మాత్రం గొడుగు ఊడిపోయి ఫోర్‌సైట్ వంగిందేమో, బ్యాక్‌సైట్ జారుడు అన్ని అంకెల దగ్గరా గట్టిగా నిలబడుతోందో లేదో చూసుకుని, బేరం ఆడి తీసుకోండి.

ఇప్పుడు 50 గజాల్లో పది తూటాల గుంపు ఒకటిన్నర అంగుళానికి వచ్చింది. పోయిన శనివారం మా అమ్మాయి నా పక్క చాప మీద పడుకుని ఐదు కాల్చింది. నాలుగు నల్లటి వృత్తంలో, ఒకటి ఎడమకి బయట. "ఎందుకు పోయిందో తెలుసమ్మా, టార్గెట్ చూశాను" అంది. కాగితం మీద తారీఖు రాసి, తెనాలి పంపించడానికి కవర్‌లో పెట్టాను.